టర్బో ఇంజన్‌లో కామ్ టైమింగ్: పుల్లీ తిప్పే ముందు టర్బైన్ దగ్గరి ఒత్తిడి చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 1.8 టర్బో పెట్రోల్, పాత కారు. టైమింగ్ బెల్టు మార్చే సమయం వచ్చింది. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి అడ్జస్టబుల్ కామ్ పుల్లీ (వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టును ముందుకో వెనక్కో జరపగలిగే చక్రం) ఒకటి వేసి, కామ్‌ను నాలుగు డిగ్రీలు అడ్వాన్స్, అంటే వాల్వులు ముందుగా తెరిచి మూసేలా, చేద్దామని షెడ్డులో సలహా ఇచ్చారు. టర్బో త్వరగా అందుకుంటుందని, పై ఆర్‌పీఎంలో పవర్ కూడా పెరుగుతుందని చెప్పారు. చేయించాలా, చేయిస్తే ఎన్ని డిగ్రీలు అని అడిగారు.

ఆ మాటలో మొదటి సగం నిజం. రెండో సగం మీ ఇంజన్‌లో జరగదు. కింద కొంత దొరుకుతుంది, పైన కొంత పోతుంది. ఎందుకో తెలుసుకుంటే పుల్లీకి డబ్బు పెట్టాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు. బాలానగర్‌లో లేత్ పనితో మొదలుపెట్టి ఇంజన్లు కట్టే పనిలో స్థిరపడినవాడిని కాబట్టి, కొలత లేకుండా డిగ్రీలు చెప్పడం నాకు చేతకాదు. ఓపికగా చదవండి.

ముందుగా మీ ఇంజన్ నిర్మాణం. ఇది ఇరవై వాల్వుల ఇంజన్. ఒక్కో సిలిండర్‌కు గాలి వచ్చే ఇన్‌టేక్ వాల్వులు మూడు, కాలిన గ్యాసు పోయే ఎగ్జాస్ట్ వాల్వులు రెండు. పైన రెండు కామ్‌షాఫ్టులున్నా, టైమింగ్ బెల్టు నేరుగా తిప్పేది ఎగ్జాస్ట్ కామ్‌ను మాత్రమే. హెడ్డుకు రెండో చివర, అంటే గేర్‌బాక్సు వైపు, ఎగ్జాస్ట్ కామ్ నుంచి ఇన్‌టేక్ కామ్‌కు ఒక చిన్న చైను ఉంటుంది. ఆ రెండు కామ్‌ల మధ్య సంబంధాన్ని నిర్ణయించేది ఆ చైనే. కామ్‌ల మీది రెండు మార్కుల మధ్య పదహారు రోలర్లు రావాలి. కాబట్టి ముందున్న పుల్లీని ఎంత తిప్పినా రెండు కామ్‌లూ కలిసే జరుగుతాయి. ఇన్‌టేక్‌ను ఒకవైపు, ఎగ్జాస్ట్‌ను మరోవైపు జరిపి ఓవర్‌ల్యాప్‌ను (రెండు రకాల వాల్వులూ కలిసి తెరిచి ఉండే కాలాన్ని) మార్చే స్వేచ్ఛ ఈ పుల్లీతో రాదు. చైనును ఒక పన్ను జరిపితే వస్తుంది కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒక పన్ను అంటే చాలా పెద్ద జరుగుడు, వాల్వులు పిస్టన్‌ను తాకే ప్రమాదం ఉంది. కొన్ని ఇంజన్ కోడ్‌లలో ఆ చైను టెన్షనరే కంప్యూటర్ ఆజ్ఞతో ఇన్‌టేక్ కామ్‌ను కొంత ముందుకు జరుపుతుంది. టెన్షనర్ దగ్గర వైరు కనెక్టర్ ఉంటే మీ ఇంజన్‌లో ఆ ఏర్పాటు ఉన్నట్టే.

రెండో విషయం, నాలుగు డిగ్రీలంటే ఏ డిగ్రీలు? క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. కామ్ పుల్లీ మీద గీతలు నాలుగు డిగ్రీలు చూపిస్తే, ఆ గీతలు కామ్ లెక్కలో ఉంటే, క్రాంక్ లెక్కలో అది ఎనిమిది డిగ్రీలు. కొన్ని పుల్లీల మీద గీతలు క్రాంక్ లెక్కలోనే చెక్కి ఉంటాయి. ఈ తేడా అడగకుండా పుల్లీ బిగించే చోట మీ ఇంజన్ విప్పనివ్వకండి. ఇకపై నేను చెప్పే డిగ్రీలన్నీ క్రాంక్ డిగ్రీలే.

లెక్క కోసం ఒక కామ్ జత తీసుకుందాం. ఇవి మీ ఇంజన్ అంకెలు కావు, అర్థం కావడానికి వేసుకున్నవి. ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ పైకి చేరడానికి 10 డిగ్రీల ముందు తెరుచుకుని, పిస్టన్ అడుగుకు చేరి తిరిగి పైకి రావడం మొదలుపెట్టిన 45 డిగ్రీల తర్వాత మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు పిస్టన్ అడుగుకు చేరడానికి 45 డిగ్రీల ముందే తెరుచుకుని, పైకి చేరిన 8 డిగ్రీల తర్వాత మూసుకుంటుంది. పైన రెండూ తెరిచి ఉండే కాలం 18 డిగ్రీలు. అదే ఓవర్‌ల్యాప్. ఇప్పుడు రెండు కామ్‌లనూ కలిపి నాలుగు డిగ్రీలు అడ్వాన్స్ చేస్తే ఇన్‌టేక్ 14 ముందు తెరుచుకుని 41 దగ్గర మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ 49 ముందు తెరుచుకుని 4 దగ్గర మూసుకుంటుంది. ఓవర్‌ల్యాప్ అదే 18. ముఖ్యంగా తేడా తెచ్చేవి రెండు: ఇన్‌టేక్ తొందరగా మూసుకోవడం, ఎగ్జాస్ట్ తొందరగా తెరుచుకోవడం.

ఇన్‌టేక్ తొందరగా మూసుకుంటే తక్కువ ఆర్‌పీఎంలో లాభం. పిస్టన్ పైకి లేస్తూ లోపలికి వచ్చిన గాలిని తిరిగి ఇన్‌టేక్‌లోకి నెట్టే అవకాశం తగ్గుతుంది, సిలిండర్‌లో నిలిచే గాలి పెరుగుతుంది, నిజంగా జరిగే కంప్రెషన్ పెరుగుతుంది. ఎగ్జాస్ట్ తొందరగా తెరుచుకుంటే ఇంకా మండుతున్నంత వేడితో, ఒత్తిడితో గ్యాసు టర్బైన్‌కు (ఎగ్జాస్ట్ గ్యాసుతో తిరిగే టర్బో చక్రానికి) చేరుతుంది. టర్బో ముందుగా లేస్తుంది. పికప్ మెరుగైనట్టు మీకు స్పష్టంగా తెలుస్తుంది. షెడ్డువారు చెప్పిన మొదటి సగం ఇదే, అది తప్పు కాదు.

పై ఆర్‌పీఎంలో కథ మారుతుంది. అక్కడ గాలి వేగంగా దూసుకొస్తూ ఉంటుంది. పిస్టన్ పైకి తిరిగినా ఆ వేగం వల్ల గాలి ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది. వాల్వును ముందే మూసేస్తే ఆ చివరి గాలి ఆగిపోతుంది. ఎగ్జాస్ట్ ముందే తెరవడం వల్ల పిస్టన్‌ను ఇంకా కొంత నెట్టగలిగిన ఒత్తిడి సైలెన్సర్ వైపు పోతుంది, టర్బైన్ దగ్గర వేడి పెరుగుతుంది. చాలా పెట్రోల్ టర్బోలకు 950 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో హద్దు ఉంటుంది. ఎక్కువ బూస్ట్ (టర్బో గాలిని లోపలికి నెట్టే ఒత్తిడి) పెట్టిన బండి ఆ హద్దుకు దగ్గరగానే తిరుగుతూ ఉంటుంది. కాబట్టి ఒకే పుల్లీతో కిందా పైనా రెండూ దక్కవు. టార్క్ గీతను ఎడమకో కుడికో జరపగలరు, దాన్ని పైకి ఎత్తలేరు.

ఇక అసలు విషయానికి వస్తాను. టర్బో లేని ఇంజన్ల మీద నేర్చుకున్న కామ్ జ్ఞానాన్ని టర్బో ఇంజన్‌కు యథాతథంగా తెచ్చుకోవడమే ఈ గందరగోళానికంతా మూలం. టర్బో లేని ఇంజన్‌లో మంచి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటే, బయటికి పోయే గ్యాసు తన వెనక చూషణ కలిగిస్తుంది. ఓవర్‌ల్యాప్ సమయంలో ఆ చూషణ కొత్త గాలిని లోపలికి లాగుతుంది. అందుకే రేసు కామ్‌లలో ఓవర్‌ల్యాప్ ఎక్కువగా పెడతారు. టర్బో ఇంజన్‌లో ఎగ్జాస్ట్ దారికి టర్బైన్ అడ్డంగా ఉంది. చిన్న టర్బో అయితే పై ఆర్‌పీఎంలో టర్బైన్ ముందున్న ఒత్తిడి మీ బూస్ట్ కన్నా ఎక్కువగా ఉంటుంది. బూస్ట్ గేజీ ఒక బార్ చూపిస్తున్నప్పుడు టర్బైన్ ముందు ఒకటిన్నర, కొన్నిసార్లు రెండు బార్ దాకా ఉండడం చిన్న టర్బోలలో మామూలే. ముందూ వెనకా తలుపులు రెండూ తీసి ఉన్న ఇంట్లో గాలి ఎటు వీస్తుందన్నది తలుపులు చెప్పవు, ఏ వైపు ఒత్తిడి ఎక్కువో అదే చెబుతుంది. ఓవర్‌ల్యాప్ కూడా అంతే. ఎగ్జాస్ట్ వైపు ఒత్తిడి ఎక్కువైతే కాలిన గ్యాసు వెనక్కి సిలిండర్‌లోకి, అక్కడి నుంచి ఇన్‌టేక్ పోర్టులోకి వస్తుంది. కొత్త గాలికి చోటు తగ్గుతుంది, సిలిండర్ వేడెక్కుతుంది, నాకింగ్ (మిశ్రమం తనంతట తాను అదుపు తప్పి మండడం) మొదలవుతుంది, కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి లాగుతుంది, అంటే ఆలస్యం చేస్తుంది. పవర్ కోసం చేసిన పని పవర్‌నే తినేస్తుంది.

అందుకే టర్బో కామ్‌లు తయారుచేసేవారు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల (వాల్వును నొక్కే కామ్ ఉబ్బుల) మధ్య కోణాన్ని కాస్త వెడల్పుగా, సాధారణంగా 112 నుంచి 116 కామ్ డిగ్రీల మధ్య పెడతారు. ఓవర్‌ల్యాప్ తగ్గించడమే దాని ఉద్దేశం. పెద్ద టర్బో, పెద్ద టర్బైన్ హౌసింగ్ వేసి, టర్బైన్ ముందున్న ఒత్తిడి బూస్ట్‌తో సమానంగానో అంతకన్నా తక్కువగానో వస్తే పరిస్థితి తలకిందులవుతుంది. అప్పుడు ఓవర్‌ల్యాప్ పెంచితే లాభమే. ఒకే ఇంజన్, ఒకే కామ్, ఒకే బూస్ట్ ఉన్నా, టర్బైన్ మారితే సరైన డిగ్రీలు మారతాయి. ఇంకొకరి బండికి కుదిరిన డిగ్రీలు మీకు ఎందుకు కుదరవో ఇదే కారణం.

మీ కారుకు కంపెనీ ఇచ్చింది కే03 వర్గపు చిన్న టర్బో. అది అలాగే ఉంటే టర్బైన్ ముందు ఒత్తిడి పై ఆర్‌పీఎంలో బూస్ట్‌ను మించుతుందని కొలవకుండానే చెప్పవచ్చు. టర్బో మార్చి ఉంటే మాత్రం కొలవాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు చిన్న రంధ్రం చేసి మర కోయించి, ఒక మీటరు పొడవు స్టీలు గొట్టం చుట్టలాగా తీసుకొచ్చి, వేడి తగ్గాక రబ్బరు గొట్టం ద్వారా మామూలు ప్రెషర్ గేజీకి కలిపితే చాలు. ఖర్చు పుల్లీ ధరలో చిన్న భాగం. మానిఫోల్డ్‌ను దించిన తర్వాతే రంధ్రం చేయించండి. టర్బో బిగించి ఉండగా డ్రిల్లు పెడితే ఒక్క ఇనుప రజను టర్బైన్ రెక్కలను పాడుచేస్తుంది.

ఇంధనం ఎక్కడ పడుతుందన్నది కూడా ముఖ్యం. మీ 1.8 ఇంజన్‌లో పెట్రోల్ ఇన్‌టేక్ పోర్టులో పడుతుంది. టాటా నెక్సాన్ 1.2 టర్బో పెట్రోల్‌ది కూడా ఆ పద్ధతే. ఇలాంటి ఇంజన్లలో బూస్ట్ ఎక్కువై ఓవర్‌ల్యాప్‌లో గాలి నేరుగా ఎగ్జాస్ట్‌లోకి దూసుకుపోతే దానితో పాటు పెట్రోల్ కూడా పోతుంది. అది మానిఫోల్డ్‌లో, క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. మైలేజీ పోతుంది, కన్వర్టర్ కాలిపోతుంది. హ్యుందాయ్ 1.0 టర్బో, ఫోక్స్‌వాగన్ 1.0 టీఎస్‌ఐ లాంటివాటిలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోనే పడుతుంది. వాటిలో ఎగ్జాస్ట్ వాల్వు మూసుకున్న తర్వాతే ఇంధనం చల్లే వీలుంది కాబట్టి, తక్కువ ఆర్‌పీఎంలో ఓవర్‌ల్యాప్ పెంచి శుభ్రమైన గాలితో సిలిండర్‌ను కడిగేస్తారు. కాలిన గ్యాసు పోతుంది, టర్బైన్‌కు ఎక్కువ గాలి అందుతుంది, టర్బో ముందే లేస్తుంది. ఒక చిక్కు ఏమిటంటే, అలా కడిగినప్పుడు ఆక్సిజన్ సెన్సార్‌కు మిగులు ఆక్సిజన్ కనిపిస్తుంది. మిశ్రమం పలచబడిందని రీడింగ్ చెబుతుంది, సిలిండర్ లోపల మాత్రం అది చిక్కగానే ఉండవచ్చు. ఈ సంగతి తెలియనివారు ఇంకా పెట్రోల్ పెంచుతూ పోతారు. కొత్త కార్ల యజమానులు గమనించవలసిన మరో మాట: వాటిలో కామ్ ఫేజర్లు (కామ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే పరికరాలు) కంప్యూటర్ పట్టికల ప్రకారం ప్రతి క్షణం కదులుతూ ఉంటాయి. అక్కడ పుల్లీ పని లేదు, పానాలతో ముట్టుకోవలసినదీ లేదు. మార్చాలంటే ఆ పట్టికలనే మార్చాలి, అది వాటిని చదవగలిగినవారి పని.

మన ఊరి సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. ఇక్కడి గాలి ఒత్తిడి సుమారు 95 కిలోపాస్కల్, సముద్రతీరంలో 101 పైచిలుకు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో 200 కిలోపాస్కల్ సంపూర్ణ ఒత్తిడి (బయటి గాలి ఒత్తిడి కూడా కలిపి) కావాలంటే విశాఖలో టర్బో గాలిని 1.97 రెట్లు చేయాలి, ఇక్కడ 2.1 రెట్లు చేయాలి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్న టర్బో చివరి శ్వాసలో ఉన్నప్పుడు ఆ చిన్నదే పెద్దది. టర్బో ఇంకా వేగంగా తిరగాలి, దానికి టర్బైన్ ముందు ఇంకా ఒత్తిడి కావాలి, ఓవర్‌ల్యాప్‌లో వెనక్కి వచ్చే గ్యాసు ఇంకా పెరుగుతుంది. దానికి మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండ, సాయంత్రం మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి దాకా పాకుతూ వెళ్లేసరికి నిండా వేడెక్కిన ఇంటర్‌కూలర్ తోడవుతాయి. చల్లని యూరప్ దేశాల్లో అదే కారుకు అడ్వాన్స్ చేసిన కామ్ బాగా పనిచేసిందని చదివి ఉంటారు. అక్కడ వారికి నాకింగ్‌కు ఉన్న వెసులుబాటు మన ఏప్రిల్, మే నెలల్లో మీకు లేదు.

ఇన్‌టేక్ తొందరగా మూసుకుంటే నిజమైన కంప్రెషన్ పెరుగుతుందని చెప్పాను కదా, నాకింగ్ కూడా దానితోనే పెరుగుతుంది. కాబట్టి అడ్వాన్స్ చేసే ముందు ఒక పని చేయండి. స్కానర్ పెట్టి, మధ్యాహ్నపు వేడిలో, మీరు రోజూ పోయించే పెట్రోల్‌తో, కంప్యూటర్ ఒక్కో సిలిండర్‌లో స్పార్క్‌ను ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోందో చూడండి. ఇప్పటికే ఐదారు డిగ్రీలు లాగుతూ ఉంటే కామ్ అడ్వాన్స్ వల్ల వచ్చేది మొత్తం అక్కడే పోతుంది. అలాంటప్పుడు ఇంటర్‌కూలర్, గొట్టాల లీకులు, ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ మీద పెట్టిన రూపాయి కామ్ మీద పెట్టిన రూపాయి కన్నా ఎక్కువ పని చేస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురు దారి కూడా ఉంది, ఆలోచించదగినదే. ఇన్‌టేక్‌ను ఆలస్యంగా మూసి, పోయిన గాలిని ఎక్కువ బూస్ట్‌తో పూడ్చుకోవడం. ఇంటర్‌కూలర్‌లో చల్లబడిన గాలి సిలిండర్‌లో తక్కువగా నొక్కుకుంటుంది కాబట్టి చివరికి ఉష్ణోగ్రత తగ్గుతుంది, నాకింగ్ దూరమవుతుంది. రాల్ఫ్ మిల్లర్ అనే అమెరికా ఇంజనీరు ఈ ఆలోచన మీద 1957లో పేటెంట్ పొందారు. 1990లలో మాజ్డా సూపర్‌చార్జర్‌తో దీన్ని కార్లలోకి తెచ్చింది. కానీ టర్బోలో ఇంకా దమ్ము మిగిలి ఉంటేనే ఇది సాధ్యం. మీ చిన్న టర్బోతో, మన ఎత్తులో, మిగలదు. పెద్ద టర్బో వేసి మామూలు పెట్రోల్‌తోనే తిరిగేవారికి మాత్రం అడ్వాన్స్ కన్నా కొద్దిపాటి రిటార్డే (కామ్‌ను వెనక్కి జరపడమే) మేలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు అన్నింటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసిన పని. మీ కామ్ టైమింగ్ ఇప్పుడు ఎక్కడ ఉందో మీకు తెలుసా? అడ్వాన్స్ చేయాలనుకునే పాత ఇంజన్లలో చాలావాటికి కావలసింది అడ్వాన్స్ కాదు, ఉండవలసిన చోటికి తిరిగి రావడం. బెల్టు ఒక పన్ను అటూ ఇటూ పడితే ఎంత తేడా వస్తుందో చూడండి. కామ్ పుల్లీకి నలభై పళ్లున్నాయనుకుంటే ఒక పన్ను తొమ్మిది కామ్ డిగ్రీలు, అంటే 18 క్రాంక్ డిగ్రీలు. అంత తప్పు ఉన్నా బండి స్టార్ట్ అవుతుంది, మందంగా నడుస్తుంది, టర్బో పోయిందేమో అనిపిస్తుంది. సాధారణంగా పి0016 అనే కోడ్ (కామ్, క్రాంక్ పొంతన కుదరలేదన్న సూచన) వస్తుంది, కానీ పాత కార్లలో దాన్ని ఎవరో చెరిపేసి పంపుతూ ఉంటారు. చైను సాగితే, టెన్షనర్ ప్యాడ్ అరిగితే ఇన్‌టేక్ మాత్రమే వెనకబడుతుంది. హెడ్డు దించి లేత్ షాపులో ప్లేనింగ్ (అడుగుభాగం చెక్కి చదును) చేయించి ఉంటే కామ్ క్రాంక్‌కు దగ్గరవుతుంది, ఆ మేరకు రెండు కామ్‌లూ కాస్త రిటార్డ్ అవుతాయి. పుల్లీ వ్యాసార్ధం 60 మిల్లీమీటర్లయితే, 0.3 మిల్లీమీటర్ల ప్లేనింగ్‌కు అది సుమారు అర క్రాంక్ డిగ్రీ. మీరు వినే కథలంత భయంకరం కాదు, కానీ చైను సాగుడుతో కలిస్తే లెక్కలోకి వస్తుంది.

కొలవడానికి ఒక డిగ్రీ వీల్ (డిగ్రీల గీతలున్న చక్రం), ఒక డయల్ గేజీ (చిన్న కదలికలను కొలిచే సూది గడియారం), ఒక పిస్టన్ స్టాప్ చాలు. డయల్ గేజీ, దాని అయస్కాంతపు స్టాండు రాణిగంజ్‌లో ఏ టూల్స్ దుకాణంలోనైనా దొరుకుతాయి. పిస్టన్ స్టాప్ అంటే పాత స్పార్క్ ప్లగ్గు లోపలి భాగం తీసేసి అందులో ఒక బోల్టు బిగించినది, లేత్ మీద అరగంట పని. నాలుగు ప్లగ్గులూ తీసేయండి. క్రాంక్‌కు డిగ్రీ వీల్ బిగించి, మొదటి సిలిండర్‌లో స్టాప్ పెట్టి, చేత్తో మెల్లగా ఒకవైపు తిప్పితే పిస్టన్ స్టాప్‌కు తగిలి ఆగుతుంది. ఆ అంకె రాసుకోండి. రెండో వైపు తిప్పి ఆగిన చోట మరో అంకె రాసుకోండి. ఆ రెండింటి మధ్య బిందువే అసలైన టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు. ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి పిస్టన్ పైకి వచ్చిందని చూడడం సరిపోదు. పైన చాలా డిగ్రీల పాటు పిస్టన్ దాదాపు కదలదు, కంటికి తేడా తెలియదు.

ఆ తర్వాత స్టాప్ తీసేసి, వాల్వు కవర్ తీసి, డయల్ సూదిని ఇన్‌టేక్ బకెట్ (కామ్‌కు, వాల్వుకు మధ్య ఉండే గిన్నె లాంటి ట్యాపెట్) అంచు మీద నిలబెట్టండి. మీ ఇంజన్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లు (లోపలి నూనెతో ఖాళీని తామే సర్దుకునేవి) ఉన్నాయి. లోపలి నూనె కారినా బకెట్ పైభాగం మాత్రం లోబ్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి రీడింగ్ బకెట్ మీదే తీయాలి. మూడు ఇన్‌టేక్ వాల్వులలో మధ్యది వేరే కోణంలో ఉంటుంది. ఏ లోబ్ మీద మొదట కొలిచారో ప్రతిసారీ దాని మీదే కొలవండి. గరిష్ఠ ఎత్తు దగ్గర కూడా లోబ్ మొన చదునుగా ఉంటుంది కాబట్టి ఆ బిందువును నేరుగా చదవకండి. గరిష్ఠ ఎత్తుకు ఒక మిల్లీమీటరు కిందికి, ఎక్కేటప్పుడు ఒక అంకె, దిగేటప్పుడు ఒక అంకె రాసుకుని సగటు తీయండి. ఉదాహరణకు టాప్ డెడ్ సెంటర్ తర్వాత 86 దగ్గర, 130 దగ్గర వచ్చాయనుకోండి, సెంటర్‌లైన్ (లోబ్ గరిష్ఠ ఎత్తు వచ్చే బిందువు) 108. ఎగ్జాస్ట్‌కు కూడా ఇలాగే. క్రాంక్‌ను ఎప్పుడూ ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పి రీడింగ్ తీయాలి, వెనక్కి తిప్పితే బెల్టులో, చైనులో ఉన్న వదులు రీడింగ్‌లోకి వస్తుంది. కొంచెం దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి. సెంటర్‌లైన్లు రెండూ కంపెనీ అంకెలకు దగ్గరగా ఉంటే మీ టైమింగ్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఇన్‌టేక్ మాత్రమే వెనకబడితే చైను, టెన్షనర్ మార్చండి. రెండూ వెనకబడితే బెల్టు మార్కులు, హెడ్డు చరిత్ర చూడండి.

వాల్వుకు, పిస్టన్‌కు మధ్య ఖాళీ గురించి ఒక హెచ్చరిక. ఇది బెల్టు తెగితే వాల్వులు వంగే ఇంజన్. ఇన్‌టేక్‌ను అడ్వాన్స్ చేసేకొద్దీ ఇన్‌టేక్ వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది. ఎగ్జాస్ట్‌ను రిటార్డ్ చేసేకొద్దీ ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరవుతుంది. ప్రమాదం ఉండేది టాప్ డెడ్ సెంటర్‌కు అటూ ఇటూ పది, పదిహేను డిగ్రీల్లో. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు కనీసం ఉండాలన్నది ఇంజన్లు కట్టేవారు పాటించే హద్దు. కంపెనీ కామ్, కంపెనీ పిస్టన్, రెండు మూడు డిగ్రీల మార్పు అయితే భయం తక్కువ. హెడ్డు ప్లేనింగ్ అయినా, కామ్ మార్చినా కొలవకుండా ముందుకు వెళ్లవద్దు. కొలిచేటప్పుడు హైడ్రాలిక్ ట్యాపెట్ నొక్కుకుపోయి వాల్వు పూర్తిగా తెరుచుకోదు, లేని ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ ఒక్క వాల్వుకు గట్టి ట్యాపెట్ పెట్టించి కొలవండి. బెల్టు బిగించాక స్టార్టర్ ముట్టుకోకుండా చేత్తో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్లీ చూడాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకండి.

రెండు కామ్‌లకూ వేర్వేరు పుల్లీలున్న టర్బో ఇంజన్ ఉన్నవారు కూడా ఇది చదువుతూ ఉండవచ్చు. వారికి చేతిలో ఎక్కువ స్వేచ్ఛ ఉంది. డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద, ఒకే ఉష్ణోగ్రత దగ్గర, ఒకే బూస్ట్‌తో, ఒకసారి ఒక కామ్‌ను మాత్రమే, రెండు డిగ్రీల చొప్పున జరపండి. మొదట ఇన్‌టేక్ కామ్‌తో మూసుకునే సమయాన్ని మీకు కావలసిన ఆర్‌పీఎంకు కుదర్చండి. ఆ తర్వాత ఎగ్జాస్ట్ కామ్‌తో ఓవర్‌ల్యాప్ సరిచేసుకోండి. చిన్న టర్బో అయితే ఎగ్జాస్ట్‌ను కాస్త అడ్వాన్స్ చేయడం సాధారణంగా కలిసివస్తుంది, టర్బో ముందు లేస్తుంది, ఓవర్‌ల్యాప్ కూడా తగ్గుతుంది. గ్రాఫులను ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే అడ్వాన్స్ గీత, రిటార్డ్ గీత ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర ఒకదాన్నొకటి దాటుతాయి. మీరు రోజూ బండి నడిపేది ఆ బిందువుకు కిందనా పైనా అన్నదే మీ జవాబు. ప్రతి మార్పు తర్వాత స్పార్క్, ఇంధనం పట్టికలు మళ్లీ సరిచేయాలి. సిలిండర్‌లోకి చేరే గాలి మారినప్పుడు పాత పట్టికతో వచ్చిన గ్రాఫు కామ్ గురించి నిజం చెప్పదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఈ పరీక్షలు చేయకండి. అక్కడి వేగ పరిమితి 120, గాలి, వాలు, ట్రాఫిక్ ప్రతిసారీ వేరు. ప్రమాదం అటుంచి కొలత కూడా నమ్మదగినది రాదు.

మీ కారు విషయంలో నేను చేసేది ఇది. బెల్టు, టెన్షనర్, రోలర్లు, లోహపు రెక్కలున్న వాటర్ పంపు కలిపి మార్పిస్తాను. మీ ఇంజన్‌లో పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. వాల్వు కవర్ తీసి చైను, దాని టెన్షనర్ ప్యాడ్లు చూస్తాను, సందేహం ఉంటే అప్పుడే మార్చేస్తాను. రెండు సెంటర్‌లైన్లూ కొలుస్తాను. కంపెనీ టర్బోనే ఉంటే పుల్లీ కొనను, టైమింగ్‌ను కంపెనీ చెప్పిన చోటే ఉంచుతాను. ఆ డబ్బుతో బూస్ట్ గొట్టాల లీకు పరీక్ష చేయించి, ఇంటర్‌కూలర్ శుభ్రం చేయించి, మిగిలితే డైనో మీద ఒక పూట గడుపుతాను. ఎక్కువగా ఊరి లోపలే తిరుగుతాను, మూడు వేల ఆర్‌పీఎం లోపల పికప్ కావాలి, పైన పోయేదాని గురించి పట్టింపు లేదు అంటారా, స్కానర్‌లో స్పార్క్ వెనక్కి లాగడం దాదాపు సున్నా ఉందా, అప్పుడు రెండు డిగ్రీల అడ్వాన్స్‌తో మొదలుపెట్టడంలో తప్పులేదు. నాలుగుతో మొదలుపెట్టవద్దు.

టర్బో మార్చారో లేదో మీ ప్రశ్నలో రాయలేదు. బెల్టు విప్పిన రోజున రెండు కామ్‌ల సెంటర్‌లైన్లు, ఐదు వేల ఆర్‌పీఎం దగ్గర బూస్ట్, స్పార్క్ ఎంత వెనక్కి లాగుతోంది, టర్బో మార్చి ఉంటే టర్బైన్ ముందు ఒత్తిడి, ఈ అంకెలు రాసి పంపండి. వాటిని చూశాక ఎటు, ఎన్ని డిగ్రీలో కచ్చితంగా చెబుతాను.